తిడుతోందండీ, అంతే

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై ఒక్క ఏళ్ళు హిందీ చెప్పి రిటైరయ్యాను. హిందీ పండిట్‌కి బళ్ళో ఉండే విలువ ఎంతో చదువుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. మిగతా సబ్జెక్టులకి ముప్ఫై అయిదు రావాలి, హిందీకి ఇరవై వస్తే పాస్. లెక్కల మాస్టారు రెండ్రోజులు సెలవు పెడితే తల్లిదండ్రులు వచ్చి అడిగేవాళ్ళు. నేను వారం రాకపోయినా పిల్లలు సంతోషంగా కబడ్డీ ఆడుకునేవాళ్ళు. నా ఉద్యోగం మీద నాకు కోపం ఉండేది కాదు గానీ, అలసట ఉండేది. అది ఇప్పటికీ పోలేదు.

ఈమధ్య నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి వచ్చి, సినిమాలకి సబ్‌టైటిల్స్ రాసే పనిలో చేరానని చెప్పింది. "మీ వల్లే మేడమ్" అంది. నా వల్ల కాదని నాకు తెలుసు. కానీ ఆ రాత్రి నుంచీ ఇది రాయాలనిపిస్తూ ఉంది. రెండు భాషల మధ్య నిలబడి బతికేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఇది మీకు. ఇందులో నేను సాధించిందేమీ లేదు, ముందే చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళకి, ఒక వేసవి సెలవుల్లో కొల్లేరుకి బొంబాయి సినిమావాళ్ళు వచ్చారు. అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఉండేదాన్ని. సినిమావాళ్ళకి కార్లూ, పడవలూ, మనుషుల్నీ సమకూర్చే పని ఆకివీడు ఆయనొకరు ఒప్పుకున్నారు. మామూలుగా ఆయనది ఐసు వ్యాపారం. హిందీ వచ్చినవాళ్ళు కావాలని ఆయన మా హెడ్మాస్టారిని అడిగితే, హెడ్మాస్టారు నన్ను చూపించారు. "మీరు మా మధ్యలో ఉండి ఇటు మాటటూ అటు మాటిటూ చెబితే చాలండీ. మూడు వారాలు. ఎండకి గొడుగు కూడా మేమే పట్టిస్తామండీ" అన్నారాయన. గొడుగు మూడోరోజే విరిగిపోయింది. ఇంకోటి రాలేదు.

కథ ఏమిటంటే, బొంబాయి నుంచి ఒక కుర్రాడు దొంగల ముఠా నుంచి తప్పించుకుని పారిపోయి వచ్చి, ఇక్కడొక పెద్దింటి పిల్లని ప్రేమించి, ఆ ఇంట్లో దక్షిణాది పెళ్ళికొడుకులా నటిస్తాడు. కొంత ప్రేమ, కొంత నవ్వు, మధ్యమధ్యలో పడవల మీద తన్నులాట. పెళ్ళివారింటి గోడకి కథకళి ముఖం తగిలించారు. పెళ్ళిలో కేరళ చెండ డోళ్ళు వాయించారు. ఆడవాళ్ళందరికీ నడుము దాకా మల్లెపూలు. ఊళ్ళో మగవాళ్ళంతా లుంగీలు మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, తల అడ్డంగా ఊపాలి.

"మీ దగ్గర పెళ్ళి ఇలాగే ఉంటుంది కదా మేడమ్?" అని దర్శకుడు హిందీలో అడిగారు.

"నేను చర్చిలో పెళ్ళి చేసుకున్నదాన్నండీ. అయినా ఆ డోళ్ళు మాత్రం మావి కావు, కేరళవి" అన్నాను.

"అంతా ఒకటేలెండి" అన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరి మీదా గట్టిగా అరిచేవారు కాదు. చూసిన ప్రతిదీ 'తమాషాగా ఉంది' అనేవారు, అంతే. నాలుగో రోజుకి నేను కాదనడం మానేశాను.

హీరోకి తెలుగు నేర్పడం కూడా నా పనే. హీరోయిన్‌తో 'నీ కళ్ళు చూస్తే మత్తెక్కుతోంది' అనాలి. ఆయన నోరు 'ళ' పలకదు. రెండు గంటలు చెప్పించాను. ఎన్నిసార్లు చెప్పినా 'నీ కల్లు చూస్తే మత్తెక్కుతోంది' అనే వచ్చేది. గట్టు మీద నిలబడ్డ జనం ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని దర్శకుడు అడిగితే చెప్పాను. ఆయనకి అది ఎంత నచ్చిందంటే అలాగే ఉంచేశారు. నేను నేర్పిన తెలుగులో సినిమాకి పనికొచ్చింది ఆ తప్పొక్కటే.

అసలు నా పనితనం ఎక్కడ కనిపించేదంటే, మాటల్ని మెత్తబరచడంలో. 'పశువుల్లా మీద పడుతున్నారు, తోలెయ్యండి' అని హిందీలో వస్తే, నేను "కాస్త వెనక్కి జరగండమ్మా, మీకూ బాగా కనపడుతుంది" అని తెలుగులో చెప్పేదాన్ని. "ఈ బాబులకి ఎండదెబ్బ గానీ తగిలిందాండీ, చేసిందే చేస్తన్నారు?" అని ఊరివాళ్ళు అడిగితే, 'మీ ఓర్పుకి ఆశ్చర్యపోతున్నారండీ' అని హిందీలో చెప్పేదాన్ని. మూడు వారాల్లో ఒక్క తగాదా రాలేదు. ఆ గొప్ప నాదేనని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

బొంబాయి వాళ్ళలో నాతో మనిషిలా మాట్లాడింది అసిస్టెంట్ డైరెక్టర్ ఒక్కరే. నలభై దాటాయి, జుట్టు పల్చబడింది. పదిహేనేళ్ళుగా అసిస్టెంటుగానే ఉన్నారట. మధ్యాహ్నం భోజనాలప్పుడు టెంటు నీడలో పక్కపక్కన కూర్చుని, ఇద్దరం చెప్పులు విప్పి, వాచిన పాదాలు చూసుకునేవాళ్ళం. "మేడమ్‌జీ, మీరు చెప్పే పాఠం ఎవరూ చదవరు, నేను తీసే సినిమాలో నా పేరు ఎవరూ చదవరు" అని నవ్వేవారు.

చివరి వారంలో ఆ సీను వచ్చింది. హీరో దొంగల నుంచి తప్పించుకోబోయి దోనె మీంచి నీళ్ళలో పడతాడు. నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క నెత్తిమీద వేసుకుని ఒడ్డు దగ్గర పైకి లేస్తాడు. అక్కడ చేపలు కడుగుతున్న ముసలావిడ బుట్టతో కొట్టి, తన భాషలో తిట్టాలి. రాసిన మాటలు వద్దు, నిజంగా ఊళ్ళో ఆవిడే కావాలి అన్నారు దర్శకుడు. ఆకివీడు ఆయన దగ్గర్లో లంక ఊరి నుంచి ఒక మామ్మని తీసుకొచ్చారు. అరవై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా, రవిక లేకుండా చీర బిగించి కట్టుకుని ఉంది. చేతులు రెండూ ఎండుచేపల ఉప్పుకి పగిలిపోయాయి.

మొదటిసారి హీరో నీళ్ళలోంచి లేచాడు. మామ్మ ఆయన్ని చూసి, "ఏవండీ బాబుగారూ, దెబ్బేవన్నా తగిలిందాండీ?" అంది.

రెండోసారి, "కాస్తంత పక్కకి తప్పుకుంటారాండీ, నీళ్ళు కలకైపోతన్నాయి" అంది.

అయిదుసార్లు తీశారు. మామ్మకి తిట్టడం చేతకాలేదు. పరాయివాణ్ణి, అందులోనూ తడిసినవాణ్ణి, ఎలా తిడతాం అన్నట్టు చూసింది. ఎండ దిగిపోతోంది, ఆ వెలుగు పోతే మళ్ళీ రేపే. దర్శకుడు నా వైపు తిరిగి, "టీచర్ కదా మీరు, ఏదో ఒకటి చెప్పి కోపం తెప్పించండి" అన్నారు.

నేను దగ్గరికెళ్ళి మామ్మ భుజం మీద చెయ్యి వేశాను. పిల్లలకి వక్తృత్వ పోటీలకి చెప్పినట్టే చెప్పాను.

"మామ్మగారూ, ఆయన్ని చూడకండి. మీకు బాగా కోపం ఉన్న మనిషినెవరినైనా మనసులో తలుచుకోండి. ఆ మనిషే నీళ్ళలోంచి లేచి వచ్చాడనుకోండి. ఏం అనాలనుంటే అది అనెయ్యండి."

"ఎవరినన్నా అనొచ్చాండీ టీచరమ్మగారూ?"

"ఎవరినైనా."

"ఏవన్నా అనొచ్చాండీ?"

"వాళ్ళకి మన భాష రాదు కదమ్మా. ఏమన్నా ఫర్వాలేదు."

మామ్మ కొంచెంసేపు నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. తర్వాత తల ఊపింది.

హీరో మునిగి, లేచాడు. మామ్మ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి బుట్ట పెట్టి ఆయన భుజం మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. అప్పుడు నోరు విప్పింది.

"పొమ్మంటే మాత్రం పోవడవేనా? గట్టు తెగిపోతంది, చెరువు పోతే ఏం తింటాం అన్నాను. అన్నానే అనుకో. తల్లి నోటికేం, వంద అంటుంది. గాలి చూసుకోవద్దా? ఇప్పుడా రావడం? నీ పెళ్ళానికి ఏం చెప్పమంటావురా? నీ అంతట నువ్వే ఎళ్ళావని చెప్పాను. ఇన్నేళ్ళూ అదే చెప్తన్నాను. రా. పైకి రా. తడిబట్టల్తోనే రా, ఏవీ అననులే."

హీరో భయపడి నిజంగానే వెనక్కి పడ్డాడు. కెమెరా వెనక అందరూ పగలబడి నవ్వారు. దర్శకుడు చప్పట్లు కొట్టారు. ఊరి జనాన్ని ఆ రోజు శబ్దం రాకుండా దూరంగా తాడు కట్టి ఆపారు కాబట్టి, అక్కడ మామ్మ కాక తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేనూ, ఆకివీడు ఆయనా. ఆయన మొహం పక్కకి తిప్పుకుని దోనె తాడు సర్దుతున్నారు.

"అద్భుతం! ఏమందావిడ?" అని అడిగారు దర్శకుడు.

నాకు చెప్పడానికి మాటలు లేక కాదు. ప్రతి మాటకీ హిందీ నాకు వచ్చు. కానీ అందరూ నవ్వుతున్నారు. నిలబడి నిలబడి నడుం లాగేస్తోంది. చెబితే ఆ నవ్వు ఆగిపోతుంది, తర్వాత ఏమవుతుందో తెలీదు. మూడు వారాలుగా అలవాటైన పనే చేశాను.

"తిడుతోందండీ, అంతే" అన్నాను.

సామాన్లు సర్దుతుంటే ఆకివీడు ఆయన దగ్గరికొచ్చారు. మామ్మ కొడుకు కొన్నేళ్ళ క్రితం గాలివానలో చేపల చెరువు గట్టు చూడ్డానికి దోనె వేసుకెళ్ళి తిరిగి రాలేదట. కోడలు ఆకివీడులో రొయ్యలు వలిచే షెడ్డుకి వెళ్తుంది. అత్తా కోడలూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

"ఎంత చెప్పినా వినకుండా వాడంతట వాడే ఎళ్ళిపోయాడనేనండీ ఊరంతా అనుకుంటన్నాం. కోడలూ అదే అనుకుంటందండీ" అన్నారు.

మర్నాడు భోజనాల దగ్గర అసిస్టెంటు నన్ను సూటిగా అడిగారు. "మేడమ్‌జీ, ఆవిడ తిట్టలేదు. నేను దగ్గర్నుంచి చూశాను. ఏమంది?" చెప్పాను. ఆయన పళ్ళెం పక్కన పెట్టేశారు.

"దర్శకుడికి చెబితే తీసేయరు. వెనక వయొలిన్లు పెడతారు. ఆవిడ గొంతు చాలా నచ్చింది ఆయనకి, డబ్బింగు కూడా వద్దంటున్నారు. మీరు ఆవిణ్ణి ఒక్కమాట అడగండి. వద్దంటే నాకు చెప్పండి, ఎడిటింగ్‌లో ఎలాగోలా నేను తప్పిస్తాను."

అడుగుతానన్నాను. ఇంకా రెండు రోజుల షూటింగ్ ఉంది. లంక ఊరికి రేవు దాటి వెళ్ళాలి. మొదటి రోజు కుదరలేదు. రెండో రోజు సాయంత్రం అందరూ దండలు వేసుకుని ఫొటోలు తీసుకున్నారు. ఎండకి కళ్ళు తిరుగుతున్నాయని నేను కారెక్కి తాడేపల్లిగూడెం వచ్చేశాను. తర్వాత వెళ్దాంలే అనుకున్నాను. బళ్ళు తెరిచారు. మర్చిపోయానని చెబితే అబద్ధం. ప్రతి ఆదివారం చర్చిలో కూర్చున్నప్పుడు గుర్తొచ్చేది. ఎలాగూ కత్తిరించేసి ఉంటారులే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. నన్ను నేను కూడా మెత్తబరుచుకోగలిగాను.

మరుసటి ఏడాది సినిమా వచ్చింది. ఏలూరులో ఒక హాల్లో మార్నింగ్ షో మాత్రమే వేశారు. ఆకివీడు ఆయన ఫోన్ చేసి, లంక ఊరి నుంచి వ్యానులో జనాన్ని తీసుకొస్తున్నామని, నన్నూ రమ్మని అన్నారు.

"ఆ సీను ఉంచారంటారా?" అని అడిగాను.

"ఏవోనండీ. ఉన్నా ఎంతసేపుంటుందండీ" అన్నారు.

హాలు దగ్గర మామ్మ నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. పక్కనే కోడలు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, ఒళ్ళంతా అలసిన మనిషి. అయినా ఆ రోజు తలలో పూలు పెట్టుకుంది. "మా అత్తగారు సినిమాలో పడ్డారని షెడ్డులో అందరికీ చెప్పానండీ" అంది నవ్వుతూ. నన్ను తమ పక్కనే కూర్చోబెట్టుకున్నారు. మామ్మ మధ్యలో, అటు కోడలు, ఇటు నేను.

జనం బాగా నవ్వారు. కల్లు డైలాగుకి ఈలలు వేశారు. తమ రేవూ, తమ దోనెలూ తెర మీద కనిపిస్తే అరిచారు. తర్వాత హీరో నీళ్ళలో పడ్డాడు. మామ్మ తెర మీదికి రాగానే హాలంతా కేకలు. మామ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టింగుటింగుమని ఏదో తమాషా సంగీతం. బుట్ట దెబ్బలు. ఆ సంగీతం కింద నుంచి గొంతు మొదలైంది.

ఇంత స్పష్టంగా వినబడుతుందని నేను అనుకోలేదు. మొదటి రెండు మాటలకీ నవ్వారు. ఆ తర్వాత ముందు వరసల్లో నవ్వు ఆగింది, తర్వాత వెనక. బాల్కనీలో ఎవరో ఒక్కరు ఇంకా నవ్వుతూ ఉంటే పక్కవాళ్ళు ఊరుకోమన్నారు. "నీ అంతట నువ్వే ఎళ్ళావని చెప్పాను. ఇన్నేళ్ళూ అదే చెప్తన్నాను." హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

నేను తల తిప్పి చూడలేకపోయాను. కుర్చీ చప్పుడైంది. కోడలు లేచి, ఎవరి కాళ్ళూ తొక్కకుండా జాగ్రత్తగా వరస దాటి, బయటికి వెళ్ళిపోయింది. మామ్మ కొంగు అలాగే నోటికి అడ్డం పెట్టుకుని తెర చూస్తూ ఉండిపోయింది. అప్పటికే తెర మీద పాట వచ్చేసింది.

కోడలు ఆ వ్యాను ఎక్కలేదు. బస్సులో జంగారెడ్డిగూడెం పుట్టింటికి వెళ్ళిపోయింది.

వ్యాను దగ్గర మామ్మ నాతో, "వాళ్ళకి మన భాష రాదన్నారు గదండీ టీచరమ్మగారూ" అంది. నిష్ఠూరంగా అనలేదు. లెక్క అర్థం కాని పిల్ల అడిగినట్టు అడిగింది. వాళ్ళకి రాదు, కానీ మనకి వచ్చు కదా అన్న సంగతి అన్నేళ్ళుగా భాష చెబుతున్నదానికి నాకు తట్టలేదు.

"ఆ ముక్క తీయించెయ్యగలరాండీ?" అని అడిగింది.

ఆ సాయంత్రమే కూర్చుని దర్శకుడికి హిందీలో ఉత్తరం రాశాను. ఆ రోజు ఆవిడ అన్న ప్రతి మాటా, ఒక్కటి కూడా మెత్తబరచకుండా. తప్పు నాదేనని రాశాను. నా జన్మలో చేసిన మంచి అనువాదం అదేనేమో. పది రోజుల తర్వాత అసిస్టెంటు ఫోన్ చేశారు. దర్శకుడు ఉత్తరం రెండుసార్లు చదివారట. హాళ్ళలో ఆడే ప్రింట్లు మార్చడం కుదరదన్నారు, ఎలాగూ వారంలో ఎత్తేస్తున్నారు. టీవీకి ఇచ్చే కాపీలో గొంతు మార్పిస్తామన్నారు. "మేడమ్‌జీ, మీరు అప్పుడే అడిగి ఉంటే నాకు పది నిమిషాల పని" అన్నారు. అందులోనూ నిష్ఠూరం లేదు. ఎవరైనా నన్ను గట్టిగా తిడితే బాగుండునని అప్పుడనిపించింది.

నేను ఒక సెలవురోజు జంగారెడ్డిగూడెం వెళ్ళి కోడల్ని కలిశాను. ఎవరూ వెళ్ళమనలేదు. క్షమించమని అడిగాను. ఆమె నాకు మంచినీళ్ళిచ్చి, అరుగు మీద కూర్చుంది.

"ఆవిడ పంపిందని కాదండీ నా బాధ. గట్టు తెగుతుంటే ఏ తల్లయినా పొమ్మంటుంది. ఇన్నేళ్ళూ ఆవిడ పక్కనే పడుకున్నానండీ. నా మాట లెక్కచెయ్యకుండా ఎళ్ళిపోయాడని ఆయన్ని రోజూ తిట్టుకునేదాన్ని. ఆవిడ వింటానే ఉండేది. ఒక్కరోజు నాకు చెప్పలేకపోయింది, సినిమావాళ్ళకి చెప్పింది."

"సినిమావాళ్ళకి కాదమ్మా. మీ ఆయనకి చెప్పుకుంది" అన్నాను.

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. నాలుగు నెలల తర్వాత మళ్ళీ రొయ్యల షెడ్డుకి వస్తోందని ఆకివీడు ఆయన ద్వారా తెలిసింది. నా మాట వల్ల వచ్చిందని నేను అనుకోవడం లేదు. జంగారెడ్డిగూడెంలో పని దొరకలేదని విన్నాను. కారణం అదే అయి ఉంటుంది.

సినిమా టీవీలో వేస్తున్నారని తెలిసిన ఆదివారం నేను లంక ఊరికి వెళ్ళాను. ఈసారి రేవు దాటాను. అత్తా కోడలూ మళ్ళీ ఒకే ఇంట్లో ఉన్నారు గానీ, నాతోనే మాట్లాడుతున్నారు, ఒకరితో ఒకరు కాదు. ముగ్గురం చాప మీద కూర్చున్నాం. ఆ సీను వచ్చింది. తెర మీద మామ్మ నోరు కదులుతోంది. లోపల్నుంచి ఎవరో పడుచుదాని గొంతు, కీచుగా, 'ఐఐయో, ఐఐయ్యయ్యో' అంటోంది. ఏ భాషా కాదది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్న మాటలు తీసేయమని అడిగితే, వాటి స్థానంలో ఇది పెట్టారు.

మామ్మ మాత్రం శ్రద్ధగా చూసింది. అయ్యాక, "ఇప్పుడు బాగుందండీ. ఇదీ సినిమా" అంది.

కోడలు లేచి టీవీ కట్టేసింది. తర్వాత వచ్చి అత్తగారి ఎదురుగా, నేల మీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"అత్తా, ఆ రోజు ఏం జరిగిందో నాకు చెప్పు. మొదట్నుంచీ చెప్పు. పొద్దున ఆయన లేచిన కాడ్నుంచి" అంది.

మామ్మ నా వైపు చూసింది. అలవాటు కొద్దీ నా నోట ఏదో సర్దుబాటు మాట రాబోయింది. ఆపుకున్నాను. సంచీ తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చేశాను. వెనక మామ్మ గొంతు మొదలైంది. "ఆ రోజు పొద్దున గాలేం లేదమ్మా…" అంటోంది.

రేవులో దోనె లేదు. వచ్చేదాకా ఒడ్డున నిలబడ్డాను.